ఆదివారం ఊడే బ్రాకెట్లు

కొట్టు, ముందు గది
జూన్ 9

నా మేనకోడలు పిచ్చుకకి,

నోటినిండా ఇనుముతో మీ అత్త రాస్తున్న మొదటి ఉత్తరం.

అయిపోయిందే! పెట్టించేసుకున్నాను! పైన పది, కింద పది, పంటికొకటి అంటించి మొత్తం ఇరవై బ్రాకెట్లు, వాటిని పట్టి ఉంచడానికి రెండు తీగలు. "నలభై ఏడేళ్ళకి పళ్ళకి క్లిప్పులెందుకమ్మా?" అన్నాడు డాక్టరు. "వయసు మళ్ళాక దేవుడి పిలుపు అందుకున్నవాళ్ళు గ్రంథం నిండా ఉన్నారు డాక్టరు గారూ. నేను నోరు తెరిచాను, మీ పని మీరు కానివ్వండి" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదనుకో, నోట్లో ఆయన చేతులు రెండూ ఉన్నాయి.

నువ్వు మంచం కింద దూరి, "నాతోపాటు ఈ ఇంట్లో ఇంకెవరైనా పెట్టించుకుంటేనే నేను పెట్టించుకుంటా" అని కేక పెట్టిన రోజు గుర్తుందా? మీ నాన్న వెంటనే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు, గోడ ఉంది. నేను ముందుకొచ్చాను. ఎందుకో మళ్ళీ చెబుతా విను. నీదీ నాదీ ఒకటే దవడ. కింది పళ్ళు లోపలికెళ్ళి పై చిగురుని పొడుస్తాయి. నాకు ముప్పై తొమ్మిదికే ముందు పన్ను కదిలింది. నీకు పదిహేనే. నీ పళ్ళు నీ దగ్గరే ఉండాలి.

ఒప్పందం ఇంకోసారి రాస్తున్నాను, రేపు నాకు తెలియదనకుండా. ఇద్దరం పద్దెనిమిది నెలలు పెట్టుకుంటాం. ఒకరి వైద్యం మధ్యలో ఆగిపోతే రెండోవాళ్ళు కూడా తీయించేసుకోవచ్చు, ఎవ్వరూ పల్లెత్తు మాట అనకూడదు. ఈ రెండో వాక్యం నీ బుర్రలోంచి వచ్చింది. నేను నవ్వుతూ సంతకం పెట్టాను. నాది ఎందుకాగుతుంది?

మీ హాస్టల్ వాళ్ళు ఫోను ఆదివారం ఉదయమే ఇస్తారు, ఆ టైముకి నేను కూటంలో వాక్యం చెబుతూ ఉంటాను. కాబట్టి ఉత్తరాలే. పైగా ఇప్పుడు నా మాట ముద్ద ముద్దగా వస్తోంది. మొన్న ప్రసంగంలో "సమస్త సృష్టి" అన్నాను, ముందు బెంచీ వాళ్ళు మొహాలు తుడుచుకుని మూడో బెంచీకి వలసపోయారు.

పని మీద పడి ఉన్నాను. ఒక సభా హాలు వాళ్ళవి రెండు వందల నలభై కుర్చీలు, పాత గుడ్డ పీకి, కొత్త స్పాంజి వేసి, గుడ్డ బిగించాలి. ప్రతి శనివారం సాయంత్రానికి ఇరవై ఇచ్చెయ్యాలి.

మెత్తటివే తిను. ప్రార్థన మానకు.

మీ అత్త

*

హాస్టల్, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 20

ప్రియమైన ఉరుములత్తకి,

(కూటంలో నిన్ను అలాగే పిలుస్తారని నాన్న చెప్పాడు. నీకు తెలీదనుకున్నాడు పాపం.)

క్లాసులో నాకు పేరు పెట్టేశారు. "గేటు". నేను లేచి జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీ నుంచి కిర్‌ర్‌ర్ అని గేటు తెరిచిన చప్పుడు. కూర్చుంటే ధన్ మని మూసిన చప్పుడు. మొన్న లెక్కల టీచరు కూడా అటూ ఇటూ చూసి, "ఎవరో తలుపుకి నూనె వెయ్యండర్రా" అంది. ఆవిడకి నిజంగా తెలీదు. అదే ఇంకా ఘోరం. ఇప్పుడు నాకు జవాబు తెలిసినా చెయ్యెత్తడం లేదు.

ఇంకో సంగతి. అరవనని మాటివ్వు. ఇచ్చావా? సరే. నా బ్రాకెట్టు ఒకటి ఊడింది. పెన్ను మూత కొరుకుతుంటే. డాక్టరు మళ్ళీ అంటించాడు.

నీవేమైనా ఊడాయా? ఊరికే అడుగుతున్నా. ఆశ ఏమీ లేదు. కొంచెం ఉంది.

నీ పిచ్చుక

*

కొట్టు, ముందు గది
జూన్ 27

పెన్ను మూత కొరికే పిల్లకి,

నేను మాటివ్వలేదు! కాబట్టి అరుస్తున్నాను!

పెన్ను మూత! దేవుడు నీకు పళ్ళిచ్చాడు, డాక్టరు వాటికి దారి చూపిస్తున్నాడు, నువ్వేమో వాటిని ప్లాస్టిక్ ముక్క మీదికి యుద్ధానికి పంపిస్తావా? నీ నోటిని నువ్వే ఏలుకోలేనిదానివి రేపు దేన్ని ఏలుతావే? అలవాటు అనేది దొంగ. ఇంటివాడు మేలుకుని ఉండగానే ముందు గుమ్మంలోంచి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇల్లు నాదే అంటాడు. ఇంటివాడు కూడా అవునేమో అనుకుంటాడు! కాబట్టి కూర్చోబెట్టి నిన్ను నువ్వే అడుగు: పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట్లోకి ఏమేం వెళుతున్నాయి? అని. పోయిన ఆదివారం దీని మీదే నలభై నిమిషాలు చెప్పాను. నీ పేరు ఎత్తలేదులే, "ఒక బంధువు" అన్నాను.

గేటు అన్నవాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆయన ఆలస్యం చేస్తే నేను బస్సెక్కి వస్తాను.

నావి దేవుడి దయ వల్ల బాగానే ఉన్నాయి, చాలావరకు.

మీ అత్త

*

హాస్టల్
జూలై 2

అత్తా,

చాలావరకు అంటే ఎన్ని?

పిచ్చుక

*

కొట్టు, వెనక గది
జూలై 8

పిచ్చుకా,

మూడు.

ముందు గదిలో కూర్చుని రాయలేక వెనక్కి వచ్చాను. పెన్ను మూత గురించి నీకు అంత పొడుగు ఉత్తరం రాసిన రోజుకే రెండు ఊడి ఉన్నాయి. నీకు చెబితే ఒప్పందం బయటికి తీస్తావని భయపడ్డాను. పోయిన ఆదివారం మూడోది ఊడింది. ఎలాగో చెబుతాను, నవ్వకు.

కోటగోడలు కూలే అధ్యాయం చెబుతున్నాను. జనం గోడ చుట్టూ తిరిగారు, తిరిగారు, ఇంకా తిరిగారు. కూటమంతా ఊపిరి బిగబట్టి ఉంది. "అప్పుడు వాళ్ళందరూ ఒక్కసారిగా ఏం చేశారు?" అని ఆగి, నేనే కేక వేసి చూపించాను. గోడలు అక్కడ కూలాయి. బ్రాకెట్టు ఇక్కడ ఎగిరింది. టిక్ మని వెళ్ళి తబలా మీద పడింది. తబలా ఆయన అది తన వంతు అనుకుని మొదలుపెట్టేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పాట అయ్యేదాకా తబలా చుట్టూ మోకాళ్ళ మీద వెతుక్కుంటుంటే, ప్రార్థన చేస్తున్నాననుకుని నలుగురు వచ్చి పక్కన మోకరించారు.

మూడూ ఆదివారాలే. మూడూ ప్రసంగంలోనే. డాక్టరుకి చెప్పాను. "గట్టిగా మాట్లాడితే ఊడవమ్మా, గట్టివి తింటే ఊడతాయి" అంటాడు. ఆయన నా ప్రసంగం ఎప్పుడు విన్నాడు కనక!

నీ దగ్గర దాచినందుకు క్షమించు.

మీ అత్త

*

హాస్టల్, డాబా మీద
జూలై 14

నా ఎగిరే బ్రాకెట్ల అత్తకి,

నీ ఉత్తరం డాబా మీద చదివాను, అది మంచిదైంది. తబలా దగ్గరికి వచ్చేసరికి ఆరేసిన దుప్పట్లు పట్టుకుని వేలాడుతూ నవ్వాను, తీగ తెగి ఆరు దుప్పట్లు నా మీద పడ్డాయి. వార్డెన్ వచ్చి, "దుప్పట్ల కింద ఎవరు?" అంటే, "ఎవరూ లేరు మేడం" అన్నాను.

క్షమించేశాను. ఎందుకంటే నేను నీకంటే రెండు వెనకబడి ఉన్నాను అనుకుంటే ఎంత హాయిగా ఉందో! నీది ఒకటి, రెండు, మూడు... ఇలాగే పోతే మీ డాక్టరు విసిగిపోయి... లేదులే, రాయను. కానీ అత్తా, డాక్టరు నిన్ను పంపించేస్తే నేను కూడా విడుదలే కదా? ఊరికే గుర్తుచేస్తున్నా. సంతకం నీదే.

అయినా నేను న్యాయంగా ఉంటాను. నువ్వు నాకు చెప్పిందే నీకు చెబుతున్నా. నిద్ర లేచింది మొదలు నీ నోరు ఏమేం చేస్తుందో అంతా వరసగా రాసి పంపు. ఏదీ వదలకు.

నీ పిచ్చుక

*

కొట్టు, ముందు గది
ఆగస్టు 1

పిచ్చుకకి,

ఇదిగో, దేవుడి ఎదుట రాస్తున్నాను.

లేవగానే ప్రార్థన. పళ్ళు తోమడం, చిన్న బ్రష్షుతో తీగ కింద కూడా. జావ. కాఫీ, చల్లార్చి. కొట్టులో పని. మధ్యాహ్నం మెత్తగా ఉడికిన అన్నం. మళ్ళీ పని. పక్క కొట్టు టైలరుతో పావుగంట వాదన. సాయంత్రం గ్రంథం పైకి చదవడం. రాత్రి జావ. దారం పళ్ళతో తెంపుతావా అని డాక్టరు కూడా అడిగాడు. "నా దగ్గర మూడు కత్తెర్లు ఉన్నాయండీ, నేనేమన్నా ఎలకనా?" అన్నాను.

చూశావా? నిర్దోషిని. మిగిలింది నా గొంతొక్కటే.

కానీ పిచ్చుకా, నాలుగోది ఊడింది. ఐదోది కూడా ఊడింది. రెండూ ఆదివారమే. డాక్టరు ఈసారి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఏం చేస్తున్నారో మీరు చెప్పరు. మాటిమాటికీ అంటిస్తే పంటి పైపొర పాడవుతుంది. ఇంకొక్కటి ఊడితే మొత్తం తీసేస్తాను. నా మాట మాటే" అన్నాడు. ఆయన కోపంలో నాకు ఒక ప్రవక్త కనిపించాడు. భయం వేసింది. నా పళ్ళ కోసం కాదు. నాది పోతే నీది కూడా పోతుంది.

అందుకని పోయిన ఆదివారం గుసగుసగా ప్రసంగించాను. ఎండిన ఎముకలు లేచి నిలబడే అధ్యాయాన్ని, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు చెప్పాను. ఎముకలు లేవలేదు సరికదా, జనం పడుకున్నారు. పన్నెండేళ్ళుగా నా ప్రసంగానికి వినికిడి మిషను ఆపేసి కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆ రోజు మొదటిసారి దాన్ని ఆన్ చేశాడు. చివర్లో వచ్చి, "ఏమైందమ్మా, ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

కుర్చీలు సగం పైగా అయ్యాయి. హాలు మేనేజరు శనివారం వచ్చి, నేను పనిలో ఉండగా ఫోటో తీశాడు. "నవ్వండమ్మా" అన్నాడు, నేను తలూపాను. ఒక కాపీ పెడుతున్నాను. కుర్చీ ఎంత చక్కగా వచ్చిందో చూడు.

మీ అత్త

*

హాస్టల్
ఆగస్టు 9

అత్తా,

ఫోటో అందింది. చాలాసేపు చూశాను. కుర్చీ బాగుంది.

ఇక్కడ వర్షాలు. సైన్సు పరీక్ష బాగా రాశాను. అంతే, ఇంకేం లేదు.

పిచ్చుక

*

కూటం గది, చివరి బెంచీ
ఆగస్టు 18

నా తల్లికి,

నీ ఉత్తరంలో వర్షం తప్ప ఇంకేమీ లేదు. నీకు ఒంట్లో బాగాలేదా? గేటు అని మళ్ళీ ఏడిపిస్తున్నారా? వాన గురించి రాసే పిల్లవి కాదే నువ్వు.

నా సంగతి చెబుతాను. గుసగుసగా చెప్పినా లాభం లేకపోయింది. పై వరుసలో ఎడమ పక్క ఒక బ్రాకెట్టు కదులుతోంది. నాలుకతో తాకితే ఊగుతోంది. అదే ఆరోది, అదే ఆఖరిది.

రెండు రోజులు ఆలోచించాను. మోకాళ్ళ మీద ఆలోచించాను. ఈ గదిలో పంతొమ్మిదేళ్ళుగా మాట్లాడుతున్నాను పిచ్చుకా. నన్ను ఎవరూ బళ్ళో కూర్చోబెట్టలేదు. గ్రంథం ఒళ్ళో పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మొదటిసారి ఇక్కడ నిలబడి నోరు విప్పినప్పుడు, నాలో ఇంత గొంతుందా అని నేనే అదిరిపోయాను. ఈ గది తప్ప నాకు గొప్ప ఏదీ లేదు.

కానీ ఆ గొంతు వల్ల నీ పళ్ళు పాడవుతాయంటే, అక్కర్లేదు. ఈ రోజు పెద్దలకి చెప్పేశాను. నా క్లిప్పులు తీసేదాకా, అంటే ఇంకా పదిహేను నెలలు, నేను ప్రసంగించను. వచ్చే ఆదివారం నుంచి ఈ చివరి బెంచీలో కూర్చుంటాను. తబలా ఆయన చెబుతానన్నాడు. ఆయనకి రెండే అధ్యాయాలు వచ్చు, అయినా ఫరవాలేదు.

నువ్వు ధైర్యంగా ఉండు. నావి ఊడవు. ఊడనివ్వను.

మీ అత్త

*

హాస్టల్, మూడో అంతస్తు
ఆగస్టు 25

అత్తా, అత్తా, అత్తా,

ఈ ఉత్తరం చేరగానే ముందు సుత్తి కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు ఆ ఫోటో కాపీ నీ దగ్గర ఉంటే తీసి చూడు. కుర్చీని కాదు. నీ మూతిని చూడు.

నీ పెదాల మధ్య ఏడు ఇనప చీలలు ఉన్నాయి!

ఏడు! లెక్కపెట్టాను! తలలన్నీ బయటికి, మొనలన్నీ లోపలికి! నీ కుడిచేతిలో అయస్కాంతం సుత్తి, నీ మూతి ముందు! ఎనిమిదో చీల సుత్తికి అంటుకుని గాల్లో ఉంది! నేను చిన్నప్పుడు నీ కొట్టుకి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. నాలుకతో ఒక్కో చీలా ముందుకి తోస్తావు, సుత్తి మూతికి ఆనిస్తావు, అది టక్కున పట్టుకుంటుంది, ఫట్ మని కుర్చీకి కొడతావు. ఆ చీల మొన లోపల తీగకి తగులుకుంటే, సుత్తి లాగినప్పుడల్లా తీగని కూడా లాగదూ? శనివారం ఇరవై కుర్చీలు పూర్తి చేస్తావు. రోజంతా లాగుతావు. ఆదివారానికి అవి ఊడటానికి సిద్ధంగా ఉంటాయి, నువ్వు నోరు తెరవగానే ఊడతాయి. గొంతుది ఏ తప్పూ లేదు! కోటగోడలది ఏ తప్పూ లేదు!

నీ జాబితాలో "కొట్టులో పని" అని రెండుసార్లు రాశావు. చీలల సంగతి రాయలేదు. నువ్వు దాచావని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఊపిరి తీసుకుంటాను అని కూడా రాయలేదు కదా.

కానీ నేను దాచాను.

ఫోటో అందిన రోజే చూశాను, తొమ్మిదో తారీఖున. పదహారు రోజులయింది. మొదట పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను ఊరుకుంటే చాలు, ఇంకొకటి ఊడుతుంది. మీ డాక్టరు తీసేస్తాడు. నేను కూడా తీయించేసుకోవచ్చు, ఎవరూ పల్లెత్తు మాట అనరు. నేను ఏ తప్పూ చెయ్యక్కర్లేదు, ఊరికే వర్షం గురించి రాస్తే చాలు. అందుకే వర్షం గురించి రాశాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. చివరి బెంచీ అని చదివాను. మా క్లాసులో చివరి బెంచీలో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. జవాబు తెలిసినా చెప్పనివాళ్ళు. నిన్ను అక్కడ ఊహించుకోవడానికి చూశాను అత్తా, రాలేదు. ఎంత ప్రయత్నించినా నువ్వు లేచి నిలబడిపోతున్నావు.

చీలలు గిన్నెలో పెట్టుకో. డాక్టరుకి చెప్పు. పెద్దలకి కూడా చెప్పు.

నన్ను తిట్టాలంటే తిట్టు, మొత్తం పేజీ తిట్టు.

పిచ్చుక

*

కొట్టు, ముందు గది, తలుపులు బార్లా తెరిచి
సెప్టెంబరు 3

నా కోడలా! నా కళ్ళు తెరిపించినదానా!

నీ ఉత్తరం విప్పినప్పుడు నా నోట్లో ఎన్ని చీలలు ఉన్నాయో తెలుసా? తొమ్మిది! "సుత్తి కింద పెట్టు" అన్నావు, పెట్టాను. "మూతిని చూడు" అన్నావు. చూడక్కర్లేదు, నాలుకకి తగులుతూనే ఉన్నాయి! ఒక్కొక్కటీ చేతిలోకి ఉమ్మి, లెక్కపెట్టి, నేల మీద కూర్చుని నవ్వానే. పక్క కొట్టు టైలరు పరుగెత్తుకొచ్చాడు. చూపించాను. "అవునమ్మా, నువ్వెప్పుడూ అలాగేగా చేస్తావు" అన్నాడు. ఆయనకి తెలుసు! వీధి వీధంతటికీ తెలుసు! చిన్నప్పుడు పని నేర్పిన మాస్టారు, "నోట్లో పెట్టుకుంటే చెయ్యి ఖాళీగా ఉంటుంది" అన్నాడు, ముప్పై ఏళ్ళయింది. నీ పెన్ను మూత మీద నలభై నిమిషాలు ఉరిమినదాన్ని, ఇనప చీలలు నములుతూ ఉరిమాను. దొంగ కుర్చీ లాక్కుని కూర్చున్నాడన్నాను కదూ? ఆ కుర్చీకి గుడ్డ కూడా నేనే వేసిచ్చాను!

సుత్తి సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎలా చేస్తానో చేసి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

"మింగితే?"

"ముప్పై ఏళ్ళలో రెండే మింగానండీ."

ఆయన వెళ్ళి పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. నేనే నీళ్ళిచ్చాను. కాసేపటికి కదిలేదాన్ని మళ్ళీ అంటించి, వైద్యం ఆపనన్నాడు. ఇప్పుడు చీలలు మెడకి కట్టుకున్న చిన్న సంచిలో ఉంటున్నాయి. చెయ్యి మాత్రం మాట వినడం లేదు, సుత్తిని మూతి దగ్గరికే తెస్తోంది. రోజుకి ముప్పైసార్లు సుత్తిని ముద్దు పెట్టుకుంటున్నాను. పని సగానికి సగం నెమ్మదించింది, హాలు మేనేజరుకి ఇంకో నెల పడుతుందని చెప్పేశాను.

పోయిన ఆదివారం మళ్ళీ నిలబడ్డాను. గోడలు మళ్ళీ కూల్చాను, ఈసారి ముక్క ముక్కలుగా. ఒక్కటీ ఊడలేదు! తర్వాత నా పాపం అంతా చెప్పేశాను, సుత్తితో సహా. కూటం నవ్విన నవ్వుకి వినికిడి మిషను పెద్దాయన మళ్ళీ ఆపేసుకున్నాడు.

ఇప్పుడు నీ సంగతి.

పదహారు రోజులు దాచావు. తిట్టమన్నావు. నేను కూడా రెండు ఊడినవి దాచి, పైగా నీకే నీతులు చెప్పినదాన్ని, ఏ మొహంతో తిడతాను? ఒక మాట మాత్రం చెబుతాను విను. నీకు విడుదల కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎవరూ చూడటం లేదు. నువ్వు వంగి తీసుకోలేదు. ఇలాంటివాళ్ళ గురించి నేను పంతొమ్మిదేళ్ళుగా ప్రసంగిస్తున్నాను, ఒకరు నా ఇంట్లోనే ఉన్నారని తెలియలేదు.

అందుకని ఒప్పందం చింపేస్తున్నాను. ఇదిగో, చింపిన సగం ఈ కవరులోనే ఉంది. నావి నేను పెట్టుకుంటాను. నువ్వు పెట్టుకోవాలో వద్దో నీ ఇష్టం. మీ నాన్నకి కూడా రాశాను, పిల్ల ఏమంటే అదే చెయ్యమని. నాకు ఏమి కావాలో నీకు తెలుసు, మళ్ళీ చెప్పను. చెప్పకుండా ఉండటం నాకెంత కష్టమో దేవుడికి తెలుసు. పేజీ అంచు కొరికాను, చూశావా? క్షమించు, అది కూడా మానేస్తాను.

మీ అత్త

*

హాస్టల్, కిటికీ పక్క మంచం
సెప్టెంబరు 15

అత్తా,

నిన్న నాన్న వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళే ముందు, "తీయించేద్దామంటే తీయించేద్దాం రా, నేనేమీ అనను" అన్నాడు, మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తూ.

నేను కుర్చీలో పడుకున్నాను. దీపం మొహం మీదికి వచ్చింది. డాక్టరు పైకీ కిందికీ చూసి, తీగని బ్రాకెట్లకి పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగులు పాతబడ్డాయి, మార్చాలి అన్నాడు. "ఎప్పటిలాగే రంగు లేనివేగా?" అని చెయ్యి చాచాడు. ఎవరికీ కనపడకూడదని నేను మొదటి రోజు నుంచీ అవే అడిగేదాన్ని.

ఆయన పక్కనే ఒక డబ్బా ఉంది. అందులో రంగు రంగువి వరసగా గుచ్చి ఉన్నాయి. లేత నీలం, బూడిద, గులాబీ. చివర్లో ఒకటి, మండిపోతున్న నారింజ రంగు. దానివైపు వేలు చూపించాను.

"ఇదా? దీన్ని ఎవరూ అడగరు. చాలా దూరం నుంచే కనిపిస్తుందమ్మా," అన్నాడు.

"ఎంత దూరమండీ?" అని అడిగి, నోరు మొత్తం తెరిచాను.

నీ పిచ్చుక